ఛాంపియన్: ఎవరి కోసం బరిలోకి దిగాడు?



ఈ మధ్య మా బెంగుళూరులో ఒక యువజన సదస్సుకి వాక్యం చెప్పడానికి నన్ను పిలిచారు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద కప్పు పైకెత్తిన కుర్రాడి బొమ్మ, కింద ‘నువ్వు ఛాంపియన్‌గా పుట్టావు’ అని పెద్ద అక్షరాలు. ప్రసంగం మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడిగాను. “తమ్ముళ్లూ, చెల్లెమ్మలూ, ఛాంపియన్ అంటే ఎవరు?”

హాలంతా ఒక్కసారి అరిచింది. “గెలిచినవాడు!”

“ఎవరి కోసం గెలిచినవాడు?” అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. వెనక వరుసలోంచి ఒక అబ్బాయి లేచి, “తన కోసమే కదా అయ్యగారూ!” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ జవాబు నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. ఆ జవాబు వాడికి నేర్పింది మనమే. బడిలో ర్యాంకు వస్తే ఛాంపియన్, వీసా వస్తే ఛాంపియన్, కారు కొంటే దేవుడు ఆశీర్వదించిన ఛాంపియన్. టీవీ వాళ్లు మొదలుపెట్టిన మాటను మనం పులిపీఠం మీదికి ఎక్కించి ఆమెన్ చెప్పించాం. కాబట్టి ఈసారి మీతో ఆ ఒక్క మాట గురించే వాదన పెట్టుకుంటున్నాను. నామీద కోపం వచ్చినా సరే, చివరిదాకా చదవండి.

ముందు ఈ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. లాటిన్ భాషలో ‘కాంపుస్’ అంటే మైదానం, బయలు. రోమ్ నగరంలో సైనికులు కవాతు చేసే మైదానాన్ని ‘కాంపుస్ మార్టియుస్’ అనేవారు. ఆ కాంపుస్ నుంచే సైన్యం దిగే క్యాంపు వచ్చింది, మీరు చదువుకునే కాలేజీ క్యాంపస్ వచ్చింది, ఎన్నికల క్యాంపెయిన్ వచ్చింది. చివరికి షాంపేన్ కూడా ఆ ఇంటి బిడ్డే. ఫ్రాన్సులో ఆ బయలు ప్రాంతం పేరే ఆ ద్రాక్షారసానికి వచ్చింది. సంఘ పెద్దలు కంగారు పడకండి, నేను దాని జోలికి పోను.

అదే కాంపుస్ నుంచి ‘కాంపియో’ అనే మాట పుట్టింది. కాంపియో అంటే మైదానంలోకి దిగి పోరాడేవాడు. అది పాత ఫ్రెంచి భాషలో ఛాంపియన్ అయి, 13వ శతాబ్దానికి ఇంగ్లీషులోకి వచ్చింది. మన తెలుగులో దీనికి చక్కని మాట ఉంది, ‘బరి’. గిరి గీసిన బరిలోకి దిగినవాడే కాంపియో. గమనించారా? ఈ మాటలో దిగడం ఉంది, పోరాడడం ఉంది. గెలవడం అనేది ఎక్కడా లేదు. ఓడిపోయినవాడు కూడా ఛాంపియనే.

మరి ఆ కాలపు ఛాంపియన్ ఎవరి కోసం బరిలోకి దిగేవాడు? ఇక్కడే అసలు సంగతి ఉంది. మధ్యయుగాల ఐరోపాలో కొన్ని తగాదాలను పోరాటంతో తీర్చేవారు. సాక్ష్యంతో తేలనప్పుడు ఇద్దరినీ బరిలో దింపేవారు. దేవుడు న్యాయవంతుణ్ణి గెలిపిస్తాడని వాళ్ల నమ్మకం. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించి, ఈ పద్ధతిని అక్కడికి తెచ్చారు. మరి స్త్రీ, ముసలివాడు, రోగి, ఆయుధం పట్టకూడని గురువు ఏం చేయాలి? వాళ్ల తరఫున ఇంకొకడు బరిలోకి దిగాలి. ఆ ఇంకొకడి పేరే ఛాంపియన్. తనకు ఏ తగాదా లేకపోయినా, తగాదా ఉండి పోరాడలేనివాళ్ల దెబ్బలు తన ఒంటి మీద కాచుకునేవాడు. మన ఊళ్లలో ‘నీ తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటాను’ అంటాం చూడండి, అలాంటి వకాల్తా అది. కాకపోతే నోటితో కాదు, ఒంటితో.

ఇంగ్లండులో భూమి తగాదా వస్తే వాది, ప్రతివాది కొట్టుకునేవారు కాదు. వాళ్ల ఛాంపియన్లు కర్రలు, తోలు డాళ్లు పట్టుకుని కొట్టుకునేవారు. ఆ పోరాటానికి ఒక నియమం ఉండేది. అది చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. భూమి ఎవరి చేతిలో ఉందో, వాళ్ల ఛాంపియన్ అవతలివాణ్ణి పడగొట్టనక్కర లేదు. ఆకాశంలో నక్షత్రాలు కనిపించేదాకా కాళ్ల మీద నిలబడితే చాలు. పేదవాడి భూమి పేదవాడికే మిగులుతుంది. నిలబడడమే గెలుపు.

ఇంత మంచి మాట ఎలా చెడిపోయింది? డబ్బు చెడగొట్టింది. ఛాంపియన్ అంటే మొదట ఆ భూమి సంగతి తెలిసినవాడు, సాక్షి అయి ఉండాలి. తానో తన తండ్రో కళ్లారా చూశామని ప్రమాణం చేయాలి. పోనుపోను కూలికి కొట్టుకునేవాళ్లు తయారయ్యారు. వాళ్ల ప్రమాణాలన్నీ అబద్ధాలే అయ్యాయి. 1275లో ఇంగ్లండు చట్టం ఆ ప్రమాణాన్నే ఎత్తేసింది. పెద్ద పెద్ద భూములున్న మఠాలు కూడా ఛాంపియన్లను కుదుర్చుకున్నాయి. బలహీనుడి కోసం పుట్టిన ఏర్పాటు బలవంతుడి ఇంటి కాపలా అయింది. చివరికి రాజుకే ఒక ఛాంపియన్ తయారయ్యాడు. పట్టాభిషేకం విందులో గుర్రమెక్కి హాల్లోకి వచ్చి, ‘ఈయన రాజు కాదనేవాడు ఎవడు?’ అని సవాలు విసరడం అతని పని. 1821లో నాలుగో జార్జి పట్టాభిషేకంలో ఆ వేడుక చివరిసారి జరిగింది. సైన్యం, ఖజానా, చెరసాల అన్నీ చేతిలో ఉన్న రాజుకి ఛాంపియన్ ఉన్నాడు. పొలం పోగొట్టుకున్న రైతుకు లేడు! అప్పటికి రెండేళ్ల ముందు, 1819లో, పోరాటంతో తీర్పు చెప్పే పద్ధతినే చట్టం రద్దు చేసింది. బరి పోయింది, మాట మిగిలింది. 18వ శతాబ్దం నుంచి కుస్తీలు, పందేలు ఆ మాటను పట్టుకున్నాయి. అందరికంటే ముందు నిలిచినవాడు, అందరినీ ఓడించినవాడు ఛాంపియన్ అయ్యాడు. ‘ఎవరి కోసం?’ అనే ప్రశ్న మెల్లగా రాలిపోయింది.

అది రాలిపోతే ఏమవుతుందో మా ఊరు చూసింది. 2025 జూన్ 3 రాత్రి ఆర్‌సీబీ 18వ సీజన్లో మొదటిసారి కప్పు గెలిచింది. మరునాడు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఛాంపియన్లను చూడాలని వెళ్లిన ప్రాణాలు అవి. ఆటను నేను తప్పు పట్టడం లేదు, నేనూ రాత్రంతా చూసినవాణ్ణే. కానీ ఒక్క మాట చెప్పండి. జనం కోసం ప్రాణం పెట్టేవాడికి పుట్టిన పేరు అది. ఆ పేరున్నవాళ్లను చూడడానికి జనం ప్రాణాలు పోగొట్టుకునే కాలం వచ్చిందంటే, ఆ మాట ఎంత తలకిందులైందో కదా!

ఇప్పుడు బైబిలు తెరవండి. మొదటి సమూయేలు 17వ అధ్యాయం. గొల్యాతును ఇంగ్లీషు బైబిళ్లు ఛాంపియన్ అంటాయి, మన తెలుగు బైబిలు శూరుడు అంటుంది. హెబ్రీలో ఉన్న మాట ఈ రెండూ కాదు. అక్కడ ‘ఈష్ హబ్బెనయీమ్’ అని ఉంది. ‘రెంటి నడుమ మనిషి’ అని దాని అర్థం. రెండు దండుల మధ్య లోయలోకి దిగి, తనవాళ్లందరి బదులు ఒక్కడే నిలబడేవాడు. అతను గెలిస్తే అందరూ గెలిచినట్టు, ఓడితే అందరూ దాసులైనట్టు. నలభై రోజులు ఉదయం, సాయంత్రం గొల్యాతు వచ్చి నిలబడ్డాడు. ఇశ్రాయేలు వైపున ఆ నడుమ చోటు ఖాళీగా ఉంది. సౌలుకు కవచం ఉంది, ఎత్తు ఉంది, సింహాసనం ఉంది. లోయలోకి మాత్రం దిగలేదు. చివరికి దిగినవాడెవడు? అన్నలకు వేయించిన ధాన్యం, రొట్టెలు ఇచ్చి రమ్మని నాన్న పంపిన చిన్నవాడు. మన మాటలో చెప్పాలంటే క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన తమ్ముడు.

మనం ఈ కథను ఎలా ప్రసంగిస్తున్నాం? ‘నీ జీవితంలో గొల్యాతు ఎవరు? నీ అప్పా? నీ ఇంటర్వ్యూనా? రాయి విసురు, ఛాంపియన్ అవ్వు!’ అంటున్నాం. దావీదు తన అప్పు తీర్చుకోవడానికి వెళ్లాడా? భయంతో గుడారాల్లో దాక్కున్న జనం బదులు వెళ్లాడు. ఆ కథలో మనం దావీదులం కాము. గుడారాల్లోంచి తొంగి చూస్తున్నవాళ్లం. మన బదులు ఒకడు లోయలోకి దిగాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం 2వ వచనంలో యేసుకు వాడిన గ్రీకు మాటను ఒక ఆధునిక ఇంగ్లీషు బైబిలు ఛాంపియన్ అనే అనువదించింది. ఆ ఛాంపియన్ ఎత్తింది కప్పు కాదు, సిలువ. యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయంలో మన తెలుగు బైబిలు ఆయన్ని ‘ఉత్తరవాది’ అంటుంది. మన తరఫున జవాబు చెప్పేవాడు. ఛాంపియన్‌కి ఇంతకంటే మంచి తెలుగు నాకు తెలియదు. మన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన మొర కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. తన తరఫున లోపలికి వెళ్లే ఉత్తరవాది మనుషుల్లో దొరకలేదు. అది మనకు సిగ్గు కాదా?

‘అత్యధిక విజయం’ అనే మాట రోమా 8లో ఉంది కదా అయ్యగారూ అని మీరు అడుగుతారు. ఉంది. 37వ వచనం ఫ్లెక్సీ మీద వేయించే ముందు 35, 36 వచనాలు కూడా చదవండి. అక్కడ శ్రమ ఉంది, కరువు ఉంది, కత్తి ఉంది, వధకు తీసుకెళ్లే గొర్రెలు ఉన్నాయి. ఆ విజయం కారు తాళాల గురించి కాదు. పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరం చూడండి. ఒనేసిము అనే దాసుడి బాకీ ఏదైనా ఉంటే నా లెక్కలో వేసుకో అన్నాడు. చెరసాలలో ఉన్న ముసలివాడు ఒక దాసుడి కోసం యజమాని ముందు నిలబడ్డాడు. పౌలు ఛాంపియన్ అయింది అక్కడ.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. మా సంఘంలో వీధులు ఊడ్చే అక్క ఒకామె ఉంది. బెంగుళూరులో పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు చాలామంది అని మీలో చాలామందికి తెలుసు, మీ ఇళ్లలోనే ఉండి ఉంటారు. ఆమెకు మూడు నెలల జీతంలో కోత పడింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, “అయ్యగారూ, ఆఫీసుకి ఎవరైనా తోడు వస్తారా? నేనొక్కదాన్నే పోతే సాయంత్రం దాకా బయటే కూర్చోబెడతారు” అంది. నేను ఏమన్నానో తెలుసా? “ప్రార్థన చేస్తానమ్మా” అన్నాను. ఆ వారం యువజనుల పాటల రిహార్సల్ ఉంది. పిల్లలను అడగలేదు, నేనూ వెళ్లలేదు. ఆమె ఒక్కతే వెళ్లి, ఉత్తచేతులతో వచ్చింది. ఆ శనివారం రాత్రి మన పిల్లలు లైట్ల వెలుగులో విజయం గురించి పాడారు. ఆమె ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు నన్ను పొడిచాయి. తర్వాతి నెల నేను, బీకాం చదివే ఒక అమ్మాయి ఆమెతో వెళ్లాం. ఆ అమ్మాయి జీతం చీటీ, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి లెక్క రాసింది. కన్నడలో అర్జీ రాసింది. మేం చేసిన ఘనకార్యం ఏమీ లేదు, ఆమె పక్కన కూర్చున్నాం అంతే. పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకి పిలిచారు. మళ్లీ రెండుసార్లు తిరిగాక రెండు నెలల కోత తిరిగి వచ్చింది. మూడో నెలది ఇంకా రాలేదు. బయట మెట్ల మీద కూర్చుని చీకటి పడుతుంటే నాకు ఆ పాత నియమం గుర్తొచ్చింది. నక్షత్రాలు కనిపించేదాకా నిలబడితే చాలు.

“ఇవన్నీ రాజకీయాలు అయ్యగారూ, సంఘం పని ఆత్మలను రక్షించడం” అనే పెద్దలకు ఒక్కటే జవాబు. సామెతలు 31లో రాజమాత తన కొడుకుకి చెప్పిన మాట, నోరులేనివాళ్ల కోసం నీ నోరు తెరువు అని. అది రాజకీయమైతే బైబిలును కూడా రాజకీయ పుస్తకాల బీరువాలో పెట్టండి. “మరి దావీదు గెలిచాడు కదా, గెలవకూడదా?” అనే యువకులకు కూడా చెప్తున్నాను. గెలవండి, బాగా చదవండి, ఆటల్లో కప్పులు తెండి. గెలుపు పాపం కాదు. గెలిచాక ఎవరి పక్కన నిలబడ్డావు అన్నదే దేవుడు అడుగుతాడు.

మనలోంచే లేచిన ఒక ఛాంపియన్‌ని చూపిస్తాను. బెజవాడ విల్సన్ 1966లో కోలార్ బంగారు గనుల ఊళ్లో, తెలుగు దళిత కుటుంబంలో పుట్టారు. అది పాకీ పని చేసే కుటుంబం. గనుల్లోంచి బంగారం బయటికి వస్తుంటే, అదే ఊళ్లో మన మనుషులు మరుగుదొడ్ల మలం చేతులతో ఎత్తారు. చదువుకున్నాడు కాబట్టి ఆ ఊరు వదిలి, తన సంగతి తాను చూసుకుని ఉండొచ్చు. మన లెక్కలో అప్పుడు ‘ఛాంపియన్’ అయ్యేవారు. ఆయన వెనక్కి తిరిగి ఆ మరుగుదొడ్ల దగ్గరికే వెళ్లారు. సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించినవారిలో ఒకరయ్యారు. ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013లో పాకీ పనిని నిషేధిస్తూ కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2016లో విల్సన్‌గారికి మెగసెసే పురస్కారం వచ్చింది. 2003 నుంచి 2014 దాకా పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో ఏ రోజు చూసినా ఆయన గెలిచినవాడు కాదు, నిలబడినవాడు.

ఇంకో సంగతి గమనించండి. ఆయన బయటినుంచి వచ్చి జాలిపడినవాడు కాదు. తల్లిదండ్రుల పనిని చూసినవాడు. పాత ఛాంపియన్ చేయాల్సిన ప్రమాణం అదే కదా: ‘నేనో నా తండ్రో కళ్లారా చూశాం.’ మీ అమ్మ, నాన్న, తాతయ్య చేసిన పనిని దాచిపెట్టి, కాలేజీలో వేరే ఇంటిపేరు చెప్పుకునే పిల్లలు నాకు తెలుసు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లను అలా భయపెట్టిన కులం మీద కోపం. కానీ తమ్ముడూ, నువ్వు దాచిపెడుతున్నదే నీ సాక్ష్యం. బరిలోకి దిగే అర్హత నీకు ఇచ్చింది అదే.

అందుకే ఈ నెల ప్రతి యువజన సంఘాన్నీ నేను అడిగేది ఇది. 2013 చట్టం తెచ్చి, బైబిలు స్టడీ రోజు ఒక గంట కలిసి చదవండి. భద్రత లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం ఏడో సెక్షను ప్రకారం నేరం అని తెలుసుకోండి. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా లేదా రెండూ ఉంటాయి. అలా దిగి చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది. ఈ సంగతి మీ వీధిలో ఎంతమందికి తెలుసు? చెన్నైలోనో, పుణేలోనో, బరంపురంలోనో, యానాంలోనో, మీరు ఎక్కడున్నా సంఘంలో చేతిపని చేసేవాళ్ల జీతం చీటీలు చదివి పెట్టండి. ఆఫీసు భాష మీకు వచ్చు, వాళ్లలో చాలామందికి రాదు. తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా దేవుడు మీకు ఉద్యోగం కోసం మాత్రమే ఇచ్చాడనుకోకండి. వాళ్లకు మీ జాలి అక్కర లేదు, వాళ్ల మాట వాళ్లే చెప్పుకుంటారు. బయట కూర్చోబెట్టినప్పుడు పక్కన ఒక మనిషి కావాలి.

ఆ ఫ్లెక్సీ ఇంకా మా చర్చి స్టోర్ రూములో చుట్టి ఉంది. పారేయొద్దన్నాను. వచ్చే సదస్సుకి దాన్నే కట్టమన్నాను, చివర రెండు మాటలు కలిపి. ‘నువ్వు ఛాంపియన్‌గా పుట్టావు. ఎవరి కోసం?’

ఆ ప్రశ్నకు జవాబుగా మీ నోట ఒక మనిషి పేరు రావాలి. ఆ పేరు దొరికినవాళ్లు సోమవారం పొద్దున్నే బయల్దేరండి. సాయంత్రం దాకా పట్టవచ్చు, భోజనం క్యారేజీ తీసుకెళ్లండి.

ప్రభువు కృప మీకు తోడై ఉండును గాక.